తడి ధోతి పరీక్ష

మొన్న సోమవారం పొద్దున్నే విశాఖ అవతల సముద్రం ఒడ్డునున్న ఒక హోటల్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన మేనేజరట, గొంతు చిన్నవాడిదే. నాలుగేళ్ల కిందట ఆ హోటల్ గదులన్నిటికీ లోపలి అలంకరణ చేసింది నేనేనని ఎవరో చెప్పారట. మర్యాదలన్నీ అయ్యాక అసలు సంగతికొచ్చాడు. బెత్తం కుర్చీలు గట్టిగానే ఉన్నాయి గానీ ఫొటోల్లో మరీ పాలిపోయినట్టు పడుతున్నాయట. అన్నిటికీ ముదురు గోధుమ రంగు పాలిష్ కొట్టించేస్తే ఖరీదైన కళ వస్తుందట.

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. రెండూ దాచుకుని, శుక్రవారం పనిమీద హైదరాబాద్ వస్తానన్నాడు గనుక యాప్రాల్లో మా ఆఫీసుకు రమ్మన్నాను. ఆఫీసంటే మా ఇంటి కింది వాటానే. అక్కడ కిటికీ పక్కన ఆ హోటల్ కోసం చేసిన మొట్టమొదటి శాంపిల్ కుర్చీ ఇప్పటికీ ఉంది. ఫోన్ పెట్టేసి దానివైపే చూస్తూ కూర్చున్నాను. దాన్ని అల్లిన మనిషి ఉండుంటే ఈ మేనేజరుతో వాదించేవాడు కాదు. కూర్చోబెట్టి ఒక చాయ్ తాగించేవాడు.

ఆయన్ని సికింద్రాబాద్ పక్క మౌలాలిలో కుర్చీల తాత అనేవారు. నేను కాకా అనేదాన్ని. పేరు ఇక్కడ రాయను. తన షెడ్డుకే బోర్డు పెట్టుకోని మనిషి, పుస్తకంలో పేరు పడితే ఒప్పుకునేవాడు కాదు. దారి అడిగితే, రైల్వే కాలనీ దాటి గుట్ట కనబడేదాకా వచ్చి, అక్కడ ఎవర్నైనా కుర్చీల తాత ఎక్కడని అడగమనేవాడు. ఎవరూ కనబడకపోతేనో అని ఒకసారి అడిగాను. మౌలాలిలో మనిషి కనబడకపోవడమేంటని నన్నే ఎగాదిగా చూశాడు.

రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడని, ఉన్నన్నాళ్లూ ఆఫీసర్ల కుర్చీలకు, వెయిటింగ్ హాలు బెంచీలకు బెత్తం అల్లాడని మాత్రం తెలుసు. అంతకుమించి ఆయన జీవితం నాకు తెలియదు. చేతులు మాత్రం బాగా తెలుసు. పట్టీలు లాగీ లాగీ కుడిచేతి బొటనవేలు బయటికి తిరిగిపోయి ఉండేది. బెత్తం పట్టీలు పాత ఇనుప టబ్బులో నానేసి, తడిగా ఉండగానే అల్లేవాడు, ఆరాక బిగుసుకుంటుందని. అల్లుతున్నంతసేపూ ఒక పట్టీ కొస పళ్ల మధ్య ఉండేది. అలాగే మాట్లాడేవాడు కూడా. సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు. ముఖ్యమైనది చెప్పాలంటే మాత్రం పట్టీ తీసి భుజం మీద వేసుకునేవాడు. అందుకని ఆయన చెయ్యి నోటి దగ్గరికి వెళ్లిందంటే నేను చేస్తున్న పని ఆపేసేదాన్ని.

ఇంకో గుర్తు కూడా ఉండేది. మామూలుగా నన్ను మేడం అనేవాడు. నేను తప్పు చేశానని తేలితే బిడ్డా అనేవాడు. మా పరిచయం మొదటి ఏడాది నేను మేడంగా ఉన్నది చాలా తక్కువ.

ఆయన షెడ్డు నుంచి ఏ కుర్చీ అయినా బయటికి రావాలంటే ఒక పరీక్ష పాసవ్వాలి. కుర్చీ పూర్తయ్యాక గోడవారగా వేసి, పొగలు కక్కే చాయ్ తెప్పించుకుని అందులో కూర్చునేవాడు. చాయ్ అయిపోయేదాకా ఒంట్లో నడుము కింద భాగం కదలకూడదు. ఎడమకో కుడికో ఒక్కసారి సర్దుకున్నా కుర్చీ ఫెయిల్. లేచి, మిగిలిన చాయ్ పారబోసి, కత్తి తీసుకుని అల్లికంతా కోసి పారేసేవాడు. అంత వేడి చాయే ఎందుకు కాకా అంటే, చల్లారినదైతే గటగట తాగి లేస్తం, నడుం సంగతి తెల్వది అనేవాడు. దాంట్లో శాస్త్రం ఎంతో నాకు తెలియదు. ఆయన కుర్చీలో కూర్చుని సర్దుకున్న మనిషిని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

ఇక హోటల్ సంగతి. అప్పటిదాకా నేను కాప్రాలో ఫ్లాట్లకు వంటగదులు, టీవీ గోడలు చేసుకుంటున్న దాన్ని. అలాంటిది ఎవరో చెప్పగా సముద్రపు ఒడ్డు హోటల్ యజమాని నేను గీసిన గదుల బొమ్మలు చూసి, ముందొక శాంపిల్ గది కట్టి చూపించమన్నాడు. ఇది మా పనిలో మామూలే. ఒక్క గదిని మంచం నుంచి దీపం దాకా అచ్చంగా తయారుచేసి చూపిస్తాం. నచ్చితే మిగతా గదులన్నీ మనవే. నచ్చకపోతే పని బొంబాయి వాళ్లకు పోతుందని ఆయన ముందే చెప్పేశాడు. అది పోతే నేను మళ్లీ టీవీ గోడల దగ్గరికే. అంత పెద్ద పని జన్మలో మళ్లీ నా గుమ్మం తొక్కదని నాకు తెలుసు.

శాంపిల్ గది కట్టడానికి నాకు దొరికిన చోటు కాకా షెడ్డు పక్కనున్న రేకుల గోడౌన్. అలా మౌలాలి గుట్ట కింద సముద్రపు హోటల్ గది లేచింది. పైన తాటాకు చాపల కప్పు, కింద లేత ఇసుక రంగు నేల, మంచం చుట్టూ తెల్లటి దోమతెర. పెద్ద అద్దాల తలుపు బయట సముద్రం కనబడాలి గదా అని ఫ్లెక్సీ మీద సముద్రం అచ్చు వేయించి కట్టాను. మూడోరోజుకల్లా కాలనీ ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని ఫొటోలకు వచ్చేశారు. ఒకావిడ తన మనవరాలి పుట్టినరోజు అక్కడే చేస్తామని అడిగింది. కాకా మాత్రం ఫ్లెక్సీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, మీ సముద్రం కదుల్తలేదు మేడం అన్నాడు.

ఆయన సముద్రం చూసింది లేదు. నన్ను మాత్రం సముద్రం మనిషిననుకున్నాడు, మా నాన్నది కాకినాడ వైపని విని. నిజానికి నేను పుట్టిందీ పెరిగిందీ సికింద్రాబాద్‌లోనే. సముద్రం దగ్గరికి వెళ్లింది లెక్కపెట్టి మూడుసార్లు. మూడుసార్లూ చెప్పులు తడవకుండా చూసుకున్నాను. కానీ ఈ సంగతి ఆయనకు చెబితే నా పరువేం కాను? అందుకని అడిగినదానికల్లా తెలిసినట్టే జవాబు చెప్పుకొచ్చాను.

నా బొమ్మల్లో మొదట పడవ ఆకారం మంచం ఉండేది, గోడకు తెడ్లు, గవ్వల దీపాలు, నీలం గోడలు. ఆయన ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేసేవాడు, దీన్ల ఎవలుంటరు, ఏం జేస్తరు అని. తెడ్లు ఎవరు పడతారని అడిగాడు. తెడ్లు పోయాయి. బయట అంత నీలం పెట్టుకుని లోపల గోడకు మళ్లీ నీలం ఎందుకన్నాడు. అదీ పోయింది. పడవ మంచానికైతే ప్రశ్న కూడా అక్కర్లేకపోయింది. వచ్చి దాని అంచుకు మోకాలు తగిలించుకుని కుంటుకుంటూ వెళ్లాడంతే. మర్నాడు నేనే తీయించేశాను. గది అలా తేలికపడుతూ వచ్చింది, నిజం చెప్పాలంటే బాగుపడుతూ వచ్చింది.

ఒక్క దాంట్లో మాత్రం నేను పట్టుబట్టాను. బెత్తం అంతా ముదురు గోధుమ రంగులో ఉండాలన్నాను. మెరుపు నాకు గిట్టదు గనుక రంగు మీద వార్నిష్ కూడా వద్దన్నాను. బెత్తానికి రంగెందుకు మేడం, దానికి దాని తోలున్నది గదా అని ఆయన రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ పళ్లలో పట్టీ ఉంది. వినబడనట్టు ఊరుకున్నాను.

యజమాని రావడానికి ఇంకా అయిదు రోజులుందనగా, రెండు కుర్చీలు, ఒక పడక కుర్చీ, ఒక బల్ల రంగుతో సహా తయారయ్యాయి. కుర్చీలన్నీ ఆయన చాయ్ పరీక్ష పాసయ్యాయి. ఆ సాయంత్రం ఫ్లెక్సీ ముందు నిలబడి ఆయన మామూలుగానే అడిగాడు, ఈ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారని. హోటల్‌కొచ్చినవాళ్లు కూర్చుని సముద్రం చూస్తారని చెప్పాను. చూస్తే సరిపోతుందా, లోపలికి దిగరా అన్నాడు. దిగుతారు. దిగి? స్నానం చేస్తారు, ఈత కొడతారు. తర్వాత? వచ్చి కూర్చుంటారు. నేను ఆ మాట అనగానే ఆయన చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. పట్టీ భుజం మీదికి వెళ్లింది.

"తడి బట్టలతోటి కుర్సీల కూసుంటరా బిడ్డా?"

ఆయన ఇంట్లోనే కాదు, మా ఇంట్లో కూడా ఆ పని ఎవరూ చేయరు. తడిబట్టతో కుర్చీలో కూర్చుంటే మా అమ్మ వీపు చితక్కొట్టేది. అందుకే ఇద్దరి బుర్రకూ తట్టలేదు. లక్షణంగా చదువుకున్న నేను సముద్రపు హోటల్‌కు కుర్చీలు గీశాను, పొడిబట్టల వాళ్లకోసం. నలభై ఏళ్లు కుర్చీలు అల్లిన ఆయన వాటిని పరీక్షించాడు, పొడి ధోతితో.

అంతకు ముందు హోటల్ స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆయన అడిగాడని ఒక తెల్ల ప్లాస్టిక్ క్యాన్ నిండా సముద్రం నీళ్లు పట్టుకొచ్చి ఇచ్చాను. అప్పుడు వేలు ముంచి నాలుకకు రాసుకుని, గింత ఉప్పు పాడుజేసిండు దేవుడు అని నవ్వి, మూత బిగించి మూల పెట్టాడు. ఇప్పుడా క్యాన్ తీశాడు. ధోతి వెనక భాగం ఆ నీళ్లతో తడిపి పిండుకున్నాడు, చాయ్ తెప్పించుకున్నాడు, ఫ్లెక్సీ సముద్రానికి ఎదురుగా కొత్త కుర్చీలో కూర్చున్నాడు. దర్జాగా తాగాడు. కదల్లేదు. తర్వాత లేచి వెనక్కి తిరిగి, జెర సూడు బిడ్డా అన్నాడు.

చూశాను. ఆయన తెల్ల ధోతి మీద బెత్తం అల్లిక గడి గడిగా, ముదురు గోధుమ రంగులో, ఎంతో అందంగా అచ్చు పడింది.

హోటల్‌లో తెల్ల తువాళ్లన్నీ, వచ్చినవాళ్ల ఖరీదైన బట్టలన్నీ నా కళ్లముందు గడులు పడిపోయాయి. ఆ క్షణంలో ఆయనకు దండం పెట్టాలా? పెట్టలేదు. ఇంకా అయిదు రోజులే ఉందనగా ఇప్పుడా కాకా నీకు తెలివొచ్చింది అని అరిచేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన కత్తి తీసుకుని పడక కుర్చీ అల్లిక కోయడం మొదలుపెట్టాడు. రంగు పట్టిన బెత్తం ఇక పనికిరాదు, మొత్తం విప్పి మళ్లీ అల్లాల్సిందే. పోనీ రంగు మీద వార్నిష్ ఏదైనా వేద్దామని నేనేదో గొణిగాను.

"బెత్తం నీళ్లకు భయపడది బిడ్డా. నీ రంగు భయపడ్తది. రంగు లేకుంట అల్లుదాం, అయిపోతది."

నాలుగు రోజులు ఆయన, ఆయన భార్య, నేను ఆ గోడౌన్ వదల్లేదు. ఆవిడకు మొగుడికంటే వేగం ఎక్కువ, మాటలు ఇంకా ఎక్కువ. నేను పట్టీలు నానేసి అందించేదాన్ని, నా వేళ్లన్నీ కోసుకుపోయాయి. అయిదో రోజు పొద్దున చివరి ముడి పడింది. రంగు లేని బెత్తం, మీగడ రంగులో, ఆ ఇసుక రంగు నేలమీద ఎంత బాగుందో అప్పుడు చూశాను. అయినా భయం పోలేదు. యజమానికి పంపిన బొమ్మల్లో కుర్చీలు ముదురు రంగులో ఉన్నాయి. అడిగితే ఏం చెప్పాలి?

పదింటికి కారు వచ్చింది. యజమాని గోదావరి వైపు పెద్దమనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. గదంతా తిరిగాడు, దోమతెర ముట్టుకుని చూశాడు, ఫ్లెక్సీ చూసి నవ్వాడు. కుర్చీల దగ్గరికొచ్చి ఆగాడు. ఆ నవ్వు పోయింది. బొమ్మలో రంగు వేరే ఉందిగదండీ అన్నాడు నావైపు తిరిగి. నేను నోరు తెరిచేలోపు కాకా క్యాన్ పట్టుకుని వచ్చాడు. మూత తీసి, ఏ కుర్చీ ముందు యజమాని నిలబడ్డాడో సరిగ్గా ఆ కుర్చీలో బుడబుడమని సముద్రం నీళ్లు పోశాడు. పోసి, కూసోండ్రి సార్ అన్నాడు.

నా ప్రాణం అప్పుడే పోయిందనుకున్నాను. యజమాని కుర్చీ వైపు చూశాడు, తన తెల్ల ప్యాంటు వైపు చూసుకున్నాడు.

"తడిగా ఉందండీ పెద్దాయనా."

"ఎరికే సార్. మీ హోటల్‌కొచ్చేటోళ్లు సుత తడిగనే వస్తరు గదా."

ఆ పెద్దమనిషి ప్యాంటు పైకి లాక్కుని, కూర్చున్నాడు. కాకా ఆయన చేతిలో చాయ్ పెట్టాడు. వేడి చాయ్. ఆయన ఊదుకుంటూ తాగుతుంటే కాకా కళ్లు ఆయన మొహం మీద లేవు, నడుం మీద ఉన్నాయి. చాయ్ అయిపోయింది. జెర ఎనకకు తిరుగుండ్రి సార్ అన్నాడు కాకా. ఆయన తిరిగాడు. నా భవిష్యత్తు తేల్చే మనిషి వెనక భాగం వైపు నేను, డ్రైవరు, కాకా, కాకా భార్య నలుగురం వంగి చూశాం. తడిసి ఒంటికి అంటుకుపోయింది గానీ, తెల్లగా ఉంది. మల్లెపువ్వంత తెల్లగా.

ముదురు రంగులో కూర్చుంటే ఏమవుతుందో కాకా తన గడుల ధోతి తెచ్చి విప్పి చూపించాడు. యజమాని పడిపడి నవ్వాడు. మా ఆవిడ కూడా నన్నింత పరీక్షగా చూళ్లేదండీ అన్నాడు. పని మాదేనని అక్కడే చెప్పేసి, తడి ప్యాంటుతోనే కారెక్కాడు. కారు మలుపు తిరగ్గానే నేను ఏడ్చాను. కాకా పళ్లలో పట్టీ పెట్టుకుని ఏదో అన్నాడు. అర్థం కాలేదు, అడగలేదు కూడా. క్యాన్లో నీళ్లు సగం మిగిలాయి. పారబోయబోతే వద్దన్నాడు, మళ్ల ఎప్పుడన్న పరీక్ష పడ్తదని.

ఆ తర్వాత ఏడాదంతా ఆయన షెడ్డు, పక్కన ఇంకో రెండు షెడ్లు ఆ కుర్చీలే అల్లాయి. ప్రతి కుర్చీకీ చాయ్, ప్రతి చాయ్‌కీ ఉప్పు కలిపిన కుళాయి నీళ్లతో తడిపిన ధోతి. ఆ ఏడాది ఆయనకు జలుబు తగ్గింది లేదు. చివరి లారీ బయల్దేరినప్పుడు హోటల్ ప్రారంభానికి రమ్మని ఆయనకు సికింద్రాబాద్ స్టేషన్ నుంచి రైలు టికెట్ తీశాను. ఈసారి కదిలే సముద్రం చూద్దువుగాని కాకా అన్నాను. ఆయన పట్టీ తీసి భుజం మీద వేసుకున్నాడు.

"కుర్సీ మంచిగున్నదని కూసున్నోడు జెప్పాలె. చేసినోడు పోయి ఆడ నిలవడొద్దు, మేడం."

మేడం అన్నాడు గనుక తప్పు నాది కాదని అర్థమైంది. అయినా టికెట్ క్యాన్సిల్ చేస్తుంటే నాకు చాలా బాధేసింది. ఎంత మంకు మనిషి అని తిట్టుకున్నాను. కిందటి వానాకాలం ఆయన పోయాడు. దినాలయ్యాక ఆయన భార్య ఆటోలో మా ఇంటికొచ్చి ఆ తెల్ల క్యాన్ గుమ్మంలో పెట్టింది. నీళ్లు సగానికి అలాగే ఉన్నాయి. మీ సముద్రం మీరే ఉంచుకోండ్రి బిడ్డా, ఇంట్ల జాగ లేదు అని, మా ఇంటి సోఫా మీద కూర్చుని, రెండుసార్లు సర్దుకుని, ఇదేం సోఫా అని నన్ను తిట్టి వెళ్లింది.

శుక్రవారం మేనేజరు చెప్పిన టైముకే వచ్చాడు. మంచి పిల్లవాడు, ఇస్త్రీ మడత నలగలేదు. రంగుల కార్డు తెచ్చి తనకు నచ్చిన ముదురు గోధుమ రంగు చూపించాడు. సరిగ్గా నా పాత రంగే. నేను ఆవేళ కావాలనే తెల్ల చుడీదారు వేసుకున్నాను. రెండు కప్పుల చాయ్ పెట్టి తెచ్చాను. తర్వాత మూలనున్న క్యాన్ మూత తీసి, కిటికీ పక్క కుర్చీలో నీళ్లు పోశాను. అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. నేను వెళ్లి అందులో కూర్చున్నాను.

మేడం, తడి ఉంది అన్నాడు. తెలుసు, మీ దగ్గరికొచ్చేవాళ్లు కూడా తడిగానే వస్తారుగా అన్నాను. చల్లటి నీళ్లు వీపుదాకా ఎక్కాయి. చాయ్ కాలిపోతోంది. కదలకుండా తాగాను. ఆయన రోజూ ఇలా కూర్చున్నాడని, ఒక్క రోజు కూడా నేను ఆయన పక్కన తడిగా కూర్చోలేదని అప్పుడు తోచింది. కప్పు ఖాళీ అయ్యాక లేచి, అతనికి వీపు చేసి నిలబడి, జెర చూడండి అన్నాను.

అతను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు, పాపం, మొహమాటం. చూడండి బాబూ, పనికి సంబంధించిందే అన్నాక చూశాడు. ఏమీ అంటలేదు మేడం అన్నాడు. అప్పుడతనికి గడుల ధోతి కథంతా చెప్పాను. విని, రంగుల కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నేనడక్కుండానే, తన చాయ్ తీసుకుని, ఇస్త్రీ ప్యాంటుతో ఆ తడి కుర్చీలో కూర్చున్నాడు.

నేను అతని మొహం చూడలేదు. నడుం చూస్తూ నిలబడ్డాను. చివరి గుక్కదాకా కదల్లేదు. ఖాళీ కప్పు చేతిలోనే పెట్టుకుని, లేవకుండా, మేడం, మంచిగుంది కుర్చీ అన్నాడు.